దారం రెండో కొస

బడిలో డ్రాయింగ్ గది, పొద్దున్న తొమ్మిదిన్నర. ఇరవై రెండేళ్లుగా అక్కడ బొమ్మలు నేర్పుతున్న మాస్టారు, ఒకప్పుడు ఆ గదిలోనే చదువుకుని ఇప్పుడు ఊరూరా గోడల మీద బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్న శిష్యుడికి బీరువా అప్పజెబుతున్నారు. ఇష్టమేనా అని ఆయన్ని ఎవరూ అడగలేదు.

"...ఈ రంగులు సగం ఎండిపోయాయి గానీ నీళ్లు పోస్తే లేస్తాయి. కింది అరలో బ్రష్షులు. వెంట్రుకలు రాలేవి విడిగా పెట్టాను, చూసుకోండి."

"చూసుకోండి ఏంటి మాస్టారూ? నన్ను పట్టుకుని 'మీరు' అంటారేంటి?"

"అతిథులు కదా. గౌరవంగా మాట్లాడమని ప్రిన్సిపాల్ మేడం స్టాఫందరికీ చెప్పారు."

"'మీరు' అంటుంటే ఇబ్బందిగా ఉంది. ఒరే అనండి. మరకగాడా అనండి, అలాగే పిలిచేవారుగా."

"అప్పుడు చొక్కా నిండా మరకలుండేవి. ఇప్పుడు ఇస్త్రీ మడత నలగట్లేదు. ఇదిగో తాళం. గట్టిగా తిప్పితే ఇరుక్కుంటుంది, కొంచెం పైకెత్తి తిప్పాలి."

"తాళం నాకెందుకు? నేనుండేది వారం రోజులు."

"తర్వాత వచ్చేవాళ్లకి మీరే ఇవ్వాలి కదా."

"తర్వాతెవరు?"

"ఏడాదికి నలుగురు, ఎవరి వారం వాళ్లది. మీ తర్వాత స్ప్రే డబ్బాలతో వేసే అమ్మాయట. ఆ తర్వాత ఇంకెవరో ఇద్దరు. అందరూ గోడల వాళ్లే. కాగితం మీద బొమ్మ మేడం కంటికి ఆనడం లేదు."

"మంచిదేగా. కాగితం మీద మీరు నేర్పండి, మేం వచ్చి గోడెక్కిస్తాం."

"ఆ."

"ఆ అంటే?"

"ఆ అంటే ఆ. సుద్దముక్కలు ఈ డబ్బాలో..."

"సుద్దముక్కల సంగతి తర్వాత. బల్ల మీద మీ సామానెందుకు మూట కట్టారు? కళ్లజోడు పెట్టె, చేతులు తుడుచుకునే గుడ్డ, అన్నీ... గదికి రంగులేస్తున్నారా?"

"రంగులు మీరే వేస్తారుగా."

"సరిగ్గా చెప్పండి మాస్టారూ."

"చెప్పడానికేముంది? నెలాఖరుకి నా పోస్టు తీసేస్తున్నారు. పిల్లలకి ఏడాదిలో నాలుగు వారాల బొమ్మలు చాలట. నా పీరియడ్లు లెక్కలకిచ్చారు."

"నాకెవరూ చెప్పలేదు."

"నాకూ చెప్పలేదు. కొత్త టైంటేబుల్లో చూసుకున్నాను. బుధవారం నా పేరు లేదు, గురువారం లేదు. ప్రింటు తప్పు పడిందేమోనని ఆఫీసుకెళ్లి చెప్పాను కూడా. గుమస్తా నా మొహం చూడలేక ఫైల్లో తల దూర్చాడు."

"అయితే నేను చెయ్యను. ఇప్పుడే వెళ్లిపోతాను. మీ పొట్ట కొట్టి..."

"మీరెళ్తే ఇంకొకరొస్తారు. నాకేం ఒరుగుతుంది?"

"పోనీ మేడంతో మాట్లాడతాను. మాస్టారు లేకపోతే నేనూ లేనని చెప్తాను."

"చెప్తారా?"

"చెప్పకేం? స్టూలెక్కించి నాకు గోడ చూపించిందెవరు? చిన్న బొమ్మకి గళ్లు కట్టి పెద్ద గోడ మీదకి ఎక్కించడం నేర్పిందెవరు? బడి వదిలాక రోజూ గంటసేపు, గోడ మీద గీత కొట్టడానికి మీరు సుద్ద దారం ఒక కొస పట్టుకుంటే నేను రెండో కొస..."

"నీ కొస ఎప్పుడూ వదులుగానే పట్టుకునేవాడివి. గీత వంకరపోయేది."

"ఇప్పుడు 'నువ్వు' అన్నారు."

"నోరు జారింది."

"జారనివ్వండి. ఇప్పటికీ ఏడంతస్తుల గోడైనా గళ్లతోనే మొదలుపెడతాను మాస్టారూ. మీరు నేర్పిన గళ్లే."

"ఆ మాట ఎక్కడైనా చెప్పావా?"

"ఎక్కడ?"

"ఎక్కడైనా. పేపర్లో."

"ఏ పేపర్లో?"

"కిందటేడాది ఆదివారం పేపర్లో. నీ ఫొటో సగం పేజీ వేశారు. నేను రెండు కాపీలు కొన్నాను, ఒకటి ఇంట్లో చూపిద్దామని."

"అదా... అది వాళ్లే ఏదేదో..."

"చూపించలేదులే. పైన నాలుగు ముక్కలు చదివి మడిచేశాను. బడిలో డ్రాయింగ్ క్లాసు నా చెయ్యి విరిచేసింది, చూసి దింపమనడం తప్ప మా మాస్టారికి ఇంకేం రాదు, నన్ను పెంచింది వీధి అన్నావు."

"మాటవరసకి అన్నాను మాస్టారూ. గోడల మీద వేసేవాడు బడిలో నేర్చుకున్నానంటే ఎవడు వింటాడు? మావాళ్లలో ఎవణ్ని అడిగినా వీధి పేరే చెప్తాడు."

"ఆ వీధి ఉద్యోగమేం పోవట్లేదు కదా."

"మేడం అది చూశారా?"

"చూసి ఊరుకున్నారా? నా పోస్టు అక్కర్లేదని కమిటీకి పంపిన కాగితాల్లో అన్నిటికంటే పైన పెట్టారు. నీ మాటల కింద ఎర్ర సిరా గీత. 'మన బడి పూర్వ విద్యార్థే ఇలా అంటున్నాడు' అని పక్కన రాశారు. ఇన్నేళ్లలో నా దగ్గర నేర్చుకున్నవాళ్లని ఇంకెవర్నీ అడగలేదు. అడిగే అవసరం లేకుండా చేశావు."

"నాకు తెలీదు మాస్టారూ. ఒట్టు."

"తెలీదని తెలుసు. అందుకే కూర్చున్నాను, లేకపోతే తాళం ఆ గుమస్తా మొహాన పడేసి పోయేవాణ్ని. ఒరే, నేను ఎవర్నీ ఏదీ అడిగి ఎరగను. నా పోస్టు తీసెయ్యడం ఖాయం చెయ్యడానికి పదకొండింటికి బడి కమిటీ కూర్చుంటుంది. దానికి ముందు మేడం పిల్లల్ని తీసుకుని ఇక్కడికే వస్తారు. ఒక్క మాట చెప్పు. పొగడొద్దు. జరిగింది చెప్పు, చాలు."

"చెప్తాను."

"ఇంట్లో ఇంకా చెప్పలేదురా. పొద్దున్నే లేచి అన్నం డబ్బా కట్టిస్తోంది మా ఆవిడ. వచ్చే నెల ఆ డబ్బా పట్టుకుని ఎక్కడికెళ్లాలో తెలీట్లేదు."

"చెప్తానన్నాగా. ఏమని చెప్పమంటారు?"

"పేపర్లో చెప్పింది అబద్ధమని."

"అబద్ధమని... అలా వద్దు మాస్టారూ. కాస్త పెంచి చెప్పానంటాను."

"నీ చెయ్యి విరిచానా?"

"లేదు."

"మరి?"

"అబద్ధమే, కాదనట్లేదు. కానీ నా మీద పుస్తకం అచ్చవుతోంది. మొదటి పేజీలోనే ఈ సంగతుంది. బయట విలేకర్లు కూడా వచ్చి నిలబడ్డారు. వాళ్ల ముందు నా నోటితో నేనే..."

"వాళ్ల ముందొద్దు. మేడం ఒక్కరికే చెప్పు. కాగితం మీద రాసివ్వు. ఎలాగైనా సరే."

"సరే. మీరు కంగారుపడకండి. నేను చూసుకుంటాగా."

"కంగారు కాదురా. సిగ్గుగా ఉంది, నిన్ను ఇలా అడగడం."

"ఊరుకోండి మాస్టారూ. మీకు ఆ మాత్రం చెయ్యకపోతే నేనేం మనిషిని?"

"అదిగో, వస్తున్నారు."

"ఏం సార్, గది చూసుకున్నారా? పిల్లలూ, గోల చెయ్యకుండా కింద కూర్చోండి. మాస్టారూ, తాళం ఇచ్చేశారా?"

"ఇచ్చేశాను మేడం. ఈయన మీతో ఒక మాట చెప్పాలంటున్నారు."

"అవునా? చెప్పండి సార్. ఇప్పుడైతేనే వీలు, ఇటునుంచిటే కమిటీకి వెళ్తున్నాను. మాస్టారి సంగతా?"

"అదీ... మేడం..."

"మొహమాటపడకండి. మీరు చదివిన బడే కదా."

"ఏం లేదు మేడం. గేటు దగ్గర బ్యానర్లో నా పేరుకి ఒత్తు తప్పు పడింది. విలేకర్లు ఫొటో తీసేలోపు మార్పిస్తారా?"