గడియ లేని బాత్రూం

బాత్రూం తలుపు మూసి ఉంది. లోపల అక్క, బయట తమ్ముడు. వీధిలో టాక్సీ ఆగి ఉంది.

“బతికే ఉన్నావా అక్కా?”

“ఉన్నాను. పో.”

“మరి చప్పుడు లేదేం? ఈ ఇంట్లో బాత్రూంలో ఉన్న మనిషి పాడాలి. ఆగితే తలుపు తోసేస్తాం. రూలు మర్చిపోయావా?”

“ఆ రూలు గడియ లేనప్పటిదిరా. ఇప్పుడుంది, పెట్టుకున్నాను. నువ్వు తల బాదుకున్నా తెరుచుకోదు.”

“పోనీలే అని గడియ వేయించాను చూడు, నన్ననాలి. టాక్సీ వచ్చి ఎంతసేపైందో తెలుసా? ఆసుపత్రివాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు.”

“చేసుకోనీ. నేను రాను. ఆపరేషనూ వద్దు, గీపరేషనూ వద్దు.”

“గొంతులో గడ్డ అలాగే ఉంచితే ప్రాణం మీదికొస్తుందన్నాడా లేదా డాక్టరు?”

“తీస్తే పాట పోవచ్చని కూడా అన్నాడు. ఆ ముక్క మింగేస్తావేం?”

“పోవచ్చు అన్నాడు. పోతుంది అనలేదు.”

“నీకేం, చెప్తావు. ఇన్నేళ్లూ ఆర్కెస్ట్రాలో పాడి, పిల్లలకి పాట నేర్పి బతికినదాన్ని. గొంతు పోయాక నన్నేం చేసుకుంటారు? గాలికి తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టుకుంటారా?”

“పెట్టుకోవచ్చు. బరువు సరిపోతుంది.”

“ఒరేయ్, నవ్వించకు. నవ్వితే నొప్పి.”

“అయినా అంత సంగీతం మాటలు మాట్లాడతావు గానీ, నీకీ పిచ్చి ఎక్కడ అంటుకుందో మాకు తెలీదూ? పత్రికవాళ్లకేమో ‘పసితనం నుంచీ నాదం నన్ను పిలిచింది’ అని కోతలు కోశావు. నిన్ను నాదం పిలిచిందా? నాన్న పిలిచాడు. తువ్వాలు భుజానేసుకుని, ‘అయిందా లేదా’ అని.”

“మరేం చెప్పమంటావురా వాళ్లకి? మా ఇంట్లో బాత్రూంకి గడియ లేదండీ, అందుకని గాయని అయ్యానండీ అనా?”

“అదే కదా నిజం! పాట వినపడుతుంటే లోపల మనిషున్నట్టు. ఆగిందా, ఖాళీ అయినట్టు. నువ్వు పళ్లు తోముకుంటూ కూడా రాగం తీసేదానివి. నోటి నిండా నురగ, నురగ మధ్యలో గమకాలు.”

“తియ్యక చస్తానా? ఒకసారి పుక్కిలించడానికి ఆపితే నాన్న లోపలికొచ్చేశాడు. వచ్చినవాడు ఊరుకోకుండా, పల్లవి మళ్లీ ఎత్తుకోలేదేం అని నన్నే తిట్టాడు.”

“చన్నీళ్లప్పుడు?”

“అబ్బ, అది గుర్తు చెయ్యకు. చలికాలం మగ్గుడు నీళ్లు నెత్తిన గుమ్మరించుకుంటూ కూడా గొంతు వణక్కూడదు. వణికితే నువ్వు బయటినుంచి వెక్కిరించేవాడివి, వెధవా. ఊపిరి బిగబట్టడం నాకు ఏ మాస్టారూ నేర్పలేదు. ఆ నీళ్లే నేర్పాయి.”

“నా సంగతి ఇంకా ఘోరం. మీసాలొస్తున్నప్పుడు గొంతు విరిగి, ఒక లైను మగాడిలా వచ్చేది, రెండో లైను మేకపిల్లలా వచ్చేది. మీవాడు లోపల ఎవరో అమ్మాయితో ఉన్నాడని పక్కింటావిడ అమ్మకి చెప్పేసింది.”

“అమ్మ తలుపు తోసేసింది కదూ!”

“చీపురు పట్టుకుని మరీ. నా ఒంటి మీద సబ్బు నురగ తప్ప ఏమీ లేదు. అమ్మ నన్ను చూళ్లేదు, బకెట్ వెనకాల వెతికింది. ఆ రోజుతో స్నానానికి తప్ప పాడటం మానేసి వినడం మొదలెట్టాను. అందుకే ఇవాళ కచేరీలకి మైకులు పెట్టుకుని బతుకుతున్నాను. ఎంత పెద్ద గాయకుడు పాడుతున్నా నా చెవికి ఈ తలుపు వెనకాల పాడుతున్నట్టే ఉంటుంది.”

“అమ్మొక్కతే పాడేది కాదు. మగ్గుతో బకెట్ మీద టకటకమని కొట్టేది.”

“కొట్టక? ఆ గొంతుతో పాడితే మనం తలుపు తోసేవాళ్లమా? ఇల్లొదిలి పారిపోయేవాళ్లం. ఊరికే పెట్టామా రంపం అని పేరు!”

“పాపంరా, అలా అనకు.”

“పేరు పెట్టింది నువ్వు. సరే గానీ అక్కా, ఒకటడుగుతా. పద్నాలుగు పదిహేనేళ్లప్పుడు నువ్వు గంటలకి గంటలు లోపలుండేదానివి. స్నానానికి అంతసేపేంటి? ఏం చేసేదానివి?”

“ఏడ్చేదాన్ని.”

“ఆ?”

“ఏడ్చేదాన్నిరా. ఈ ఇంట్లో మనిషన్నవాడు లేని చోటు ఇదొక్కటే. మొటిమలొచ్చాయని ఏడుపు, లెక్కల టీచరు తిట్టిందని ఏడుపు, ఎదురింట్లో ఆ సైకిలబ్బాయి నావైపు చూడలేదని ఏడుపు.”

“వాడా! వాడికి నువ్వు ఏడవడం కూడానా?”

“వినరా. ఏడుస్తూ పాట ఆపితే మీరు తోసుకొచ్చేస్తారు. అందుకని ఏడుపంతా పాటలోనే పెట్టేసేదాన్ని. పాడగా పాడగా ఏడుపు అయిపోయేది, పాట మిగిలేది. అది చాలా హాయిగా ఉండేదిరా. ఆ హాయి కోసమే ఇంతకాలం పాడాను.”

“ఇప్పుడు ఏడుస్తున్నావా?”

“లేదు.”

“అక్కా.”

“లేదన్నానా!”

“మరి పాడు.”

“రావట్లేదురా. పొద్దున్నించీ చూస్తున్నాను. గాలే వస్తోంది.”

“ముందు తలుపు తియ్యి అక్కా.”

“ఏం, ఇప్పుడు వెక్కిరించవేం?”

“ఉండు. అమ్మొస్తోంది.”

“ఏరా, ఇంకా బయటికి రాలేదా ఇది?”

“లేదమ్మా. నువ్వన్నా చెప్పు.”

“తప్పుకో. మీ నాన్న టాక్సీలో కూర్చుని డ్రైవరుకి పాట వినిపిస్తున్నారు. రెండో చరణంలోకి వెళ్లారంటే ఆ అబ్బాయి కారొదిలేసి పారిపోతాడు. అమ్మడూ, తలుపు తియ్యి.”

“తియ్యను. నువ్వేం చెప్పినా వినను. గొంతు పోవడమంటే ఏంటో నీకు తెలీదమ్మా.”

“తెలుసు.”

“ఏం తెలుసు? ఏనాడైనా ఓ కూనిరాగం తీశావా? నీకెలా తెలుస్తుంది?”

“నాకూ ఇదే గడ్డ. ఇదే చోట. నువ్వింకా పుట్టలేదు.”

“ఏంటి?”

“కోసి తీశారు. ప్రాణం ఉంది, పాట పోయింది.”

“అమ్మా, దీన్ని బయటికి లాగడానికి కథలల్లుతున్నావా?”

“కథలల్లడానికి నేను మీ నాన్ననట్రా?”

“మరి మా మీద అరిచి అరిచి నీ గొంతు అలా అయిందని నాన్న…”

“చెప్పనిచ్చాను. ఆ జాలితోనైనా అల్లరి తగ్గిస్తారనుకున్నాను. తగ్గించారా? రంపం అని పేరు పెట్టారు.”

“అమ్మా… నువ్వు పాడేదానివా?”

“నీకంటే బాగా.”

“అమ్మా!”

“ఉన్నమాటంటే ఉలుకెందుకు? పైస్థాయికి వెళ్లేసరికి నువ్వు ముక్కుతో లాగుతావు. నేను లాగేదాన్ని కాదు.”

“నేను చెప్తే కొట్టిందమ్మా!”

“నువ్వు నోర్ముయ్యరా. అమ్మా, మరి… మరి ఎలా బతికావు?”

“ముందు చచ్చిపోదామనే అనిపించింది. మీ నాన్న నా ఎదుట నోరెత్తడానికి భయపడేవారు. నేను ఎత్తలేను. కొత్త కాపురం, ఇల్లంతా శ్మశానంలా ఉండేది. ఓ రోజు నేను నిద్రపోతున్నాననుకుని ఆయన స్నానం చేస్తూ పాడారు. శ్రుతీ లేదు, పాడూ లేదు. అయినా నేను లేచొచ్చి ఇదిగో, ఈ గోడకానుకుని కూలబడి, ఎంతసేపు విన్నానో. ఆయన ఆఫీసుకెళ్లగానే గడియ పీకేశాను.”

“గడియ నువ్వు పీకావా! తుప్పుపట్టి ఊడిపోయిందన్నావు కదా!”

“అంత ఇనప గడియ దానంతటది ఊడుతుందట్రా? కొత్తది వేయించమని మీరు గోలపెట్టినప్పుడల్లా వడ్రంగి ఊళ్లో లేడన్నాను. పాపం ఆయన మన వీధి చివరే ఉండేవాడు.”

“ఎంత మోసం! నేను ఒంటి మీద గుడ్డలేకుండా దొరికిపోయింది నీవల్లనా?”

“ఊరుకోరా. అమ్మడూ, నా గొంతే కదే పోయింది, చెవులు పోలేదు కదా. ఒకరి తర్వాత ఒకరు మీరు ముగ్గురూ గోలగోలగా పాడుతుంటే నాకు కడుపు నిండిపోయేది. నువ్వు ఏడుస్తూ పాడినవన్నీ విన్నాను. బాగుండేవి. సైకిలబ్బాయి మీద పాడినవి మరీ.”

“అమ్మా, నాకు చాలా భయంగా ఉంది.”

“ఉండదూ మరి! నాకూ భయంగానే ఉంది. అయినా వెళ్దాం. నాకు పాట కంటే నువ్వు ఎక్కువే.”

“తీస్తున్నా. ఉండండి, మొహం కడుక్కోనీ.”

“ముక్కు కూడా తుడుచుకో అక్కా. డాక్టరు జడుసుకుంటాడు.”

“బయటికొచ్చానంటే ముందు నిన్ను చంపుతా. ఇదిగో, వచ్చాను. అమ్మా, ఆపరేషన్ అయ్యాక నెల్లాళ్లు నోరు మెదపకూడదట. నెల్లాళ్లు ఇంట్లో ఏం చెయ్యను?”

“వింటావు.”

“ఎవర్ని, నాన్ననా? దానికంటే గడ్డే నయం.”

“నన్ను. మీరు నవ్వుతారని ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. నెల్లాళ్లు నువ్వు నవ్వడానికీ వీల్లేదు, తప్పులు పట్టడానికీ వీల్లేదు.”

“నేను నవ్వొచ్చు కదమ్మా?”

“పళ్లు రాలగొడతాను. పద అమ్మడూ, ఈ నెలంతా ఇంట్లో పాడేది నేను.”