గురుడి చంద్రుడూ, కుప్పం బస్సూ

2003 సెప్టెంబరు, మదనపల్లె పక్కన ఓ పల్లె. పట్టుపురుగుల షెడ్డు వాకిట్లో మునిశేఖర్, బడిలో సైన్సు చెప్పే అతని కొత్త పెళ్లాం హేమలత. లోపల పురుగులకి మల్బరీ ఆకు తరుగుతూ అతని తల్లి గంగులమ్మ. చేతులు పనిలో ఉన్నా, ఆమె చెవులు మాత్రం వాకిట్లోనే ఉన్నాయి.

“...ఆ బొమ్మ చుట్టిపెట్టి సంచి సర్దుకో హేమా. కుప్పం బస్సుకి టైమయితాంది.”

“రేపు పిల్లోళ్లకి గురుగ్రహం చూపిద్దామని గీస్తాండా. ఈ ఒక్క చంద్రుడికి రంగేసి లేస్తా.”

“రేపు ఇస్కూలుకి యాడ పోతావు? ఈ పురుగులు కట్టే పట్టుగూళ్లు ఇప్పేదాకా మీ అమ్మోళ్లింట్లోనే.”

“నేనేం చేసినానని?”

“కాపరానికొచ్చినావు. వారం తిరక్కముందే తట్టల్లో పోయిన పంట పురుగంతా కుళ్లి కారిపోయె. నీ అడుగు మంచిది కాదని ఊరంతా అంటాంది.”

“ఊరంటాది. మీరేమంటారు?”

“ఈ పంటా పోతే మల్బరీ పీకేసి టమాటా ఏసుకోవల్సిందే. నేనింకేమంటా. అది సరే, ఎంతమందంట చంద్రుళ్లు నీ గురుడికి?”

“పెద్దోళ్లు నలుగురు. చిన్నోళ్లు శానామంది.”

“మనకుండే ఒక్కడే అమాసకి కనపడడు. వాళ్లతో నీకేం పని?”

“దీని పేరు యూరోపా. పైనంతా మంచుగడ్డ, కింద సముద్రముంటాదని అనుకుంటాండారు. మన సముద్రాలన్నీ కలిపినా అన్ని నీళ్లుండవంట.”

“ఈడ బోరేస్తే దుమ్ము లేస్తాంది, వాళ్లు ఆడ నీళ్లెతుకుతాండారు. తాగేదానికా?”

“తెలుసుకునేదానికి. అంత దూరం ఎండ సరిగా పోదు. మరి నీళ్లు గడ్డకట్టకుండా ఎట్లుండాయి? గురుడు పట్టి లాగుతాంటే లోపల వేడి పుడతాదంట. వేడీ, నీళ్లూ ఉంటే ప్రాణం కూడా ఉండొచ్చు.”

“ఉంటే? రేషను కార్డిస్తావా దానికి?”

“ఒక్క భూమ్మీదనే ఉంటే అదృష్టమంటాం. రెండో తావులో గూడా దొరికితే, అదృష్టం కాదు, కారణం ఉండాదని తెలుస్తాది.”

“అబ్బో. దిగినారా మరి?”

“లేదు. ఎనిమిదేండ్లు ఆ చుట్టుపక్కలే తిరిగి ఫొటోలు తీసిందొక యంత్రం. పోయిన ఆదివారం దాన్ని గురుడిలోకే తోసి కాల్చేసినారు.”

“ఎనిమిదేండ్లు మేపి కాల్చేసినారా?”

“ఇంధనం అయిపోవచ్చింది. ఊరికే వదిలేస్తే ఎప్పుడన్నా యూరోపా మీద పడొచ్చు. దానికి మన క్రిమి ఏదన్నా అంటుకోనుంటే, ఆడుండే ప్రాణానికి చేటు.”

“ఆడ ప్రాణముండాదని ఎవురన్నా సూసినారా?”

“సూళ్లేదు.”

“సూడని పురుగు కోసరం చేసిన యంత్రాన్ని తగలబెట్టిరి. ఇట్లాటోళ్లకి చదువులొకటి.”

“మనమూ అంతే గదా. కనపడని తెగులు లోపలికి రాకూడదనే షెడ్డు గడప కాడ కాళ్లు ముంచేదానికి బ్లీచింగ్ నీళ్లు పెట్టుకున్నాం.”

“అది బయటోళ్లకి.”

“నేను ప్రతి మాటూ దాంట్లో కాళ్లు పెట్టే లోపలికొచ్చినా.”

“నువ్వు బయట్నుంచి వచ్చినదానివి, పెట్టాల. ఇంటోళ్లకెందుకు?”

“ఇంటోళ్ల కాళ్లకి తెగులంటదా?”

“తెగులు గురించి నాకు చెప్తావా? బొమ్మలు గీసుకునేదానివి. నిమ్మనపల్లెలో మన చుట్టం ముద్దుకృష్ణ షెడ్డులో తెగులొచ్చి కుళ్లిన పురుగుల్ని గంపలకెత్తి పారేసింది నేను, ఈ చేతుల్తో. నీ యంత్రాలోళ్లలో ఎవడన్నా ఒక్క గంప ఎత్తినాడా?”

“ఎప్పుడు?”

“పెండ్లయినాక. అప్పటికి మన పంట బాగానే ఉండె.”

“ఎత్తి పారేసి యాడికొచ్చినారు?”

“యాడికొస్తా, ఇంటికి.”

“ఇంటికా, షెడ్డుకా?”

“సాయంత్రం మేత ఎయ్యద్దా? అమ్మ ఒక్కతే ఉండె... అది కాదు హేమా, నువ్వు దాన్నీ దీన్నీ ముడేసి...”

“నేనేమీ అనలేదు.”

“రేయ్ శేఖరా.”

“ఏమ్మా. నువ్వు ఆకు తరుగు, దీనికి బస్సు టైమయితాంది.”

“ఆ పొద్దు నీ కాళ్లకి ఏందిరా అంటుకోనుండేది అంటే, బురదంటివి.”

“బురదే మా... బురద గూడా ఉండె.”

“హేమా, సంచి పక్కన పెట్టు. ఆ నీళ్లలో కాళ్లు పెట్టి లోపలికొచ్చి ఈ తట్ట పట్టమ్మా.”

“మరి బస్సు, అమ్మా?”

“దానికి నువ్వు పోరా శేఖరా. గూళ్లు ఇప్పేదాకా కుప్పంలో మీ అత్తోళ్లింట్లోనే ఉండు.”