ముగ్గుకి చుట్టాలెందుకు?

నాంచారమ్మ ఉంది చూడు, మొగుడి చెయ్యి తగలని చోట బతకాలని చెప్పాపెట్టకుండా పిన్ని మాణిక్యం ఊరొచ్చేసిందంట. తెచ్చుకున్నదల్లా కట్టుగుడ్డలూ, ఫోనూ. తిండి పెట్టే పిన్ని వాకిట్లో మంచి ముగ్గన్నా వేద్దామని ముగ్గుల యాప్ ఎక్కించుకుంది. అదేమో "మీ ఫోన్లో నంబర్లు చూడటానికి అనుమతిస్తారా? మీరున్న చోటు తెలుసుకోవడానికి అనుమతిస్తారా?" అని అడిగిందంట. మీరంట! అత్తారింట్లో "ఒసే" తప్ప వినని మనిషి అనుకో, పొంగిపోయింది. ఇంత మర్యాదగా అడిగితే కాదంటామా అని అన్నిటికీ 'అనుమతించు' నొక్కేసింది. నవ్వమాకండమ్మా, మిమ్మల్నెవరన్నా అట్టా అడిగారా ఎప్పుడన్నా?

ఏమైందంటే, ఆ యాప్ ఆమె ఫోన్లో ఉన్న ప్రతి నంబరుకీ "మీ నాంచారమ్మ ఫలానా ఊళ్ళో ముగ్గులేస్తోంది, మీరూ చేరండి" అని కబురంపింది. మొగుడు వీరరాఘవులు నంబరూ అందులోనే ఉందాయె. "దొరికావు, వస్తన్నా ఉండవే" అని వాడు ఫోన్ చేసేదాకా ఈమెకి తెలియదు. పిన్ని కూతురు కస్తూరి ఫోన్ లాక్కుని చూసి, అక్కా, దారి చూపే యాప్‌కైతే నువ్వున్న చోటు కావాలి, ఫొటో తీసేదానికి కెమెరా కావాలి, ముగ్గుకి మన చుట్టాలెందుకే? ఆ నంబర్లతో యాప్ వాళ్ళు బేరం పెంచుకుంటారు అందంట. "మర్యాదగా అడిగిందిగా?" అంది ఈ పిచ్చితల్లి. అప్పుడు మాణిక్యం అంది గదా, "పాలకి తోడు కావాలని వస్తే చెంచాడు మజ్జిగ పోస్తాం. ఆ వంకన వంటింట్లో దూరి ఉట్టి మీదేముందో చూస్తానంటే ఊరుకుంటామా? అడగడం వాళ్ళ పని, కాదనడం మన పని. ఆ పక్కన ఇంకో మీట లేదూ?" ఉంది. 'అనుమతించవద్దు' అని ఉండనే ఉంది. ఇచ్చినవన్నీ నాంచారమ్మ చేతే వెనక్కి తీయించింది కస్తూరి. కానీ పోయిన కబురు పోయిందే.

వీరరాఘవులు రానే వచ్చాడు. వాకిట్లో ముగ్గు తొక్కుకుంటా వచ్చి గడప మీద కాలేశాడు. "పదవే ఇంటికి" అన్నాడు. నాంచారమ్మ అడ్డంగా నిలబడి, "అనుమతించను" అందంట. ఏందీ, అన్నాడు వాడు. ఆ మాట ఎప్పుడన్నా విని ఉంటేగా! "లోపలికి రావద్దంటన్నా" అని విడమరిచి చెప్పింది. వెనకాల పిన్ని చేతిలో కవ్వం, కస్తూరి చెవి దగ్గర ఫోను, "పోలీస్ స్టేషనేనాండీ?" అంటా. తిట్టుకుంటా పోయాడు.

ఆ యాప్ మంచిదని నేననను, మాయదారిదే. కాకపోతే, లోపలికొచ్చే ముందు అదన్నా అడిగింది. తాళి కట్టినోడు ఏనాడడిగాడూ?