ఎడమ అరచేతికి అందని వేడి

పంతొమ్మిది వందల తొంభై ఒకటి, జూన్ పదిహేడవ తేదీ ఉదయం, మన వాహన మరమ్మతు షెడ్డు పర్యవేక్షకులు, సొట్టలు తీసే డెంటింగ్ మేస్త్రి సమక్షంలో, మనమంతా పెద్దాయన అని పిలుచుకునే వారు రంగు ఒలిచే విభాగంలో విధులు చేపట్టారు.

ఆనాడు వాహనాల పాత రంగును మంటతో మాడ్చి గీకేవారు. రేకులు వంకర్లు పోయేవి, పొగ గుండెల్లోకి పోయేది. పెద్దాయన పట్టుబట్టి మంట మాన్పించి, వేడిగాలి ఊదే హీట్ గన్ తెప్పించారు. రంగులో సీసం లేదని పరీక్షలో తేలనిదే, తలుపు లోపలి స్పాంజి, వైర్లు విప్పనిదే, ముఖానికి మాస్కు లేనిదే రేకును వేడి తాకనిచ్చేవారు కారు. రంగు బుడగలెత్తగానే గీకాలి, పొగ రాకూడదు.

సెగ తగిలే చోటికి జానెడు దూరంలో, రేకు వెనుక ఎడమ అరచేయి ఆనించి ఉంచడం వారి పద్ధతి. చెయ్యి ఓర్చుకోలేని క్షణాన గన్ పక్కకు జరిగేది. పదేళ్ల క్రితం వచ్చిన ఉష్ణమాపకం పెట్టెలోనే ఉండిపోయింది. "నొప్పి తెలియనిదానికి వేడేం తెలుస్తుంది?" అనేవారు.

గత నవంబరులో ఒక బానెట్ మీద పని సాగుతుండగా, వరసకు బావమరిది అయిన డెంటింగ్ మేస్త్రి దగ్గరికొచ్చారు.

"బావా, పొగొస్తోంది."

"కళ్లజోడు తుడుచుకో."

"తుడుచుకునే చెబుతున్నా. ముందు చెయ్యి తియ్యి."

తీసి చూసుకున్నారు. అరచేతి తోలు బొబ్బలెక్కి ఉంది. నొప్పి మాత్రం లేదు; ఆ లేకపోవడమే వారిని కుంగదీసింది.

"నాలుగు నెలలుగా టీ గ్లాసు నేను పట్టుకుని చూసే ఇస్తున్నాను తమ్ముడూ, ఆయనతో అనలేకపోయాను" అన్నారు ఆ సాయంత్రం ఇంట్లో వారి శ్రీమతి, మేస్త్రితో.

"సర్వీసు ఇంకా రెండేళ్లుంది బావా, మీటరు పెట్టుకుని నెట్టుకురా. నేనెవరికీ చెప్పను."

"నన్ను చూసి నేర్చుకున్నవాళ్లు పదకొండు మంది. అందరూ చెయ్యే ఆనిస్తున్నారు. వాళ్లకేం నేర్పానురా నేను?"

ముందుగానే విరమణ కోరారు. ఈ రోజు, ఈ వీడ్కోలు సభలో సహోద్యోగులందరి ఎదుట, ఇకపై ఎవరూ చేతితో వేడి చూడరాదన్న ఉత్తర్వును పర్యవేక్షకుల అనుమతితో తామే రాసి చదివారు.

ఆ అరచేతికి స్పర్శ మళ్లీ చిగురించాలనీ, టీ గ్లాసు వెచ్చదనం తమంతట తామే తెలుసుకుంటూ వారు దీర్ఘకాలం ఆరోగ్యంగా ఉండాలనీ మనందరి ఆకాంక్ష.

ఉష్ణమాపకం పదకొండు మందిలో పెద్దవాడి చేతికి వెళ్లింది. పెద్దాయన ఉత్తర్వు మీద సంతకం చేసి, నాలుగు మడతలు పెట్టి, ఖాళీ అయిన ఆ పెట్టెలో ఉంచి మూత వేశారు.