కుట్లు లేని గాయం

అమ్మలారా, అయ్యలారా, నాతో పాటు బరువులెత్తే తమ్ముళ్ళారా, పని మానుకుని ఇంతమంది వచ్చారు. మన నెమ్మదన్నయ్య కోసం వచ్చారు. ఆయన పోయి తొమ్మిది రోజులైంది. నాకు సభలో మాట్లాడటం రాదు. జట్టుకి మేస్త్రీని కాబట్టి నేనే చెప్పాలి.

ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోయడం మా పని. ఎంత ఇరుకు మెట్లయినా "నెమ్మది, నెమ్మది" అంటూ దింపేవాడు. ఆ పేరు అలా పడింది. పదహారేళ్ళలో ఒక్క అద్దం పగలనివ్వలేదు. ఒక రోజు మూడో అంతస్తు మెట్ల మీద బీరువా జారి నా మీదికొచ్చింది. ఆయన తప్పుకోవచ్చు. తప్పుకున్నాడా? మధ్యలోకి వచ్చాడు. బీరువా మూల ఆయన కుడి డొక్కలో గుద్దింది. నేను బతికాను.

కాలేయం చీలింది, లోపల రక్తం కారిందని స్కాన్‌లో తేలింది. కోస్తారనుకున్నాం. డాక్టరమ్మ కొయ్యనంది. బీపీ నిలకడగా ఉంది, రక్తం దానంతటదే ఆగుతుంది, కదలకుండా పడుకోబెట్టి కనిపెట్టుకుని ఉండటమే వైద్యం అంది. గంటగంటకీ నాడి చూశారు, పూటపూటకీ రక్తం పరీక్ష చేశారు. కాలు నిలవని మనిషి ఆరు రోజులు మంచం దిగలేదు. రక్తం ఆగింది. "మూడు నెలలు బరువు ముట్టుకోవద్దు" అని చెప్పి ఇంటికి పంపింది.

మరి మనమేం చేశాం? చూడ్డానికి వెళ్ళి చొక్కా ఎత్తమన్నాం. "కుట్లేవన్నా? కుట్లే లేవు, నీకేం రోగం?" అని నవ్వాం. పాపం, ఆయనా నవ్వాడు. మోసేవాళ్ళం కదా, కంటికి కనబడితేనే మనకి గాయం. కట్టు లేకపోతే బద్ధకం అనేస్తాం.

ఆయన ఇంటికొచ్చిన ఇరవయ్యో రోజున జట్టులో ఒక మనిషి తక్కువైతే నేనే వాళ్ళింటికి వెళ్ళాను. "ఏదీ ముట్టుకోకన్నయ్యా, ఊరికే నిలబడి చెప్పు చాలు" అన్నాను. ఆయన సంగతి నాకు తెలియదా? ఫ్రిజ్ ఒరుగుతుంటే చేతులు కట్టుకుని చూసే మనిషా? చెయ్యి వేశాడు. కాసేపటికి మెట్ల మీదే కూలబడ్డాడు. ఈసారి కోశారు. కుట్లూ వేశారు. ఆ కుట్లు మనమంతా చూశాం.

డాక్టరమ్మ నన్ను తిట్టినా బాగుండేది. ఆవిడ వైద్యం ఫలించింది, దాన్ని పాడుచేసింది నేను. క్షమించమని ఎవర్ని అడగను? అడగాల్సిన మనిషి లేడు.

ఇక అందరూ లేవండి. రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడదాం.

వదినా, నువ్వు లేవకు. ఆ రోజు గుమ్మానికి అడ్డంగా నిలబడి "పంపను" అన్నావు. పక్కకి జరగమన్నది నేనే. నువ్వు కూర్చో వదినా. మేం నిలబడతాం.