ఉలిగప్ప పథ్యం విడుపు

ధర్మవరం, పంతొమ్మిది వందల అరవై రెండు. ఉలిగప్ప మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దుటి బస్సుకు తాడిమర్రి నుంచి వచ్చిన అక్క చౌడమ్మ చేతిలో సంచీ ఇంకా కింద పెట్టలేదు.

"ఇల్లు అలకల్ల, ఆకులు తేవల్ల, బ్యాడలు ఉడకేసి ఓళిగలు చేయల్ల, నేను తలకు పోసుకోవల్ల, షావుకారు లింగప్పను పిల్చుకోని రావల్ల. ఇన్ని పనులుండాయక్కా. నువ్వొచ్చీ రాకనే కొట్లాట పెట్టుకోవద్దు."

"కొట్లాట కాదురా ఉలిగా, అడుగుతాండా. ఎవురి పెండ్లికి ఈ ఓళిగలు?"

"పెండ్లి కాదు. పథ్యం ఇడుస్తాండా."

"దేని పథ్యం?"

"అదే... రక్తపోటుది. హిందూపురం డాక్టరు మాత్రలిచ్చినాడు గదా. మండలం తిన్యా. అయిపోయింది. మందు అయిపోతే తలకు పోసుకోని, ఉప్పూ పులుపూ తిని పథ్యం ఇడిసేది మనకు లేదా? కామెర్లకు పసరు తాగినప్పుడు నాయన ఇడవలేదా?"

"కామెర్లు వచ్చి పొయ్యేవిరా. ఇది పొయ్యేదా? అమ్మవారనుకున్యావా, యాపాకు నీళ్లు పోసుకుంటే దిగిపొయ్యేదానికి?"

"మెల్లగా మాట్లాడు."

"యాల మెల్లగా? నిన్ను రైలెక్కించి పిల్చకపోయింది నేను. డాక్టరు చెప్పేటప్పుడు పక్కన నిలబడింది నేను. బతికినన్నాళ్లూ తినల్ల అన్యాడా లేదా?"

"అన్యాడు."

"మరి? నీ బతుకు మండలమేనా?"

"పక్కింటోళ్లు ఇంటారక్కా."

"ఇననీ. మన కదిరప్పన్న యాడ పడినాడో వాళ్లకూ తెలుసు. ఈ గుంతలోనే గదా. పేక ఏసే నాడె చేతిలోది చేతిలోనే. నోరు వంకరపొయ్యి, సంగటి ముద్ద పెడితే ఈపక్క నుంచి జారిపోతాండె. తుడిసింది నేను."

"ఆయప్పకు మాత్రలు యాడుండాయి అప్పుడు?"

"అదే చెప్తాండా! ఆయప్ప లేక పడినాడు. నువ్వు పెట్టుకోని పడతావు. ఇద్దర్లో తెలివైనోడు ఎవురు?"

"జయలక్ష్మీ, అక్కకు కాఫీ ఇయ్యి."

"కాఫీ పోసి నా నోరు మూయల్లని చూడద్దు. ఏమే జయలక్ష్మీ, నీకన్నా బుద్ధి ఉండద్దా? మొగుడు చెయ్యమంటే పూర్ణం రుబ్బుతా కూర్చున్యావే?"

"నన్ననొద్దు వదినా. ఆయప్ప చెప్పినట్ల చేస్తాండా."

"బాయిలో దూకమంటే?"

"నీళ్లుంటే గదా వదినా, దూకేది."

"దీనికీ ఎగతాళే! ఇద్దరూ ఇద్దరే. సరే, ఓళిగలు నీ కడుపు కోసం. ఆ షావుకారు దేనికి?"

"ఆయప్ప చూడల్ల."

"ఏం చూడల్ల?"

"నేను బాగుండానని."

"బాగుండావని మొగం చూస్తే తెలీదా? పిలిచి ఓళిగలు పెట్టల్లనా?"

"అక్కా, నీకు ఈ ఊరి సంగతి తెలీదు. నేను హిందూపురం రైలెక్కేది ఎవురో చూసినారు. ఉలిగప్పకు రోగమంట అని షావుకారు చెవిన ఏసినారు. ఎనక వీధిలో నేసే బాలప్పకేమైందో ఇన్యావా?"

"ఏమైంది?"

"దగ్గు పట్టుకుంది. అంతే. పట్టు షావుకారుది గదా, మగ్గం మీద సగం చీర ఉండంగనే ఆయప్ప మనుషులొచ్చి పడుగు కోసుకపోయినారు. మనిషి నడమ పడిపోతే పట్టు పాడైపోతాదంట. ఇప్పుడు బాలప్ప ఇంట్లో మగ్గం ఉండాది, దాని మింద బట్టలారేసుకుంటారు."

"అందుకని?"

"అందుకని, మందు అయిపోయింది, రోగం పోయింది, పథ్యం ఇడిసినా అని నలుగురి ముందర తింటే, ఆయప్ప పడుగు ముట్టుకోడు."

"ఆహా! పడుగు మిగుల్తాది. నేసేటోడు మిగలడు. షావుకారు మెప్పు కోసం పాడెక్కుతావా? ఏం మొగోడివిరా నువ్వు!"

"ఆ పట్టు కండెల బుట్టలో చెయ్యి పెట్టు."

"యాల?"

"పెట్టు."

"ఏముండాది... ఏందిది? మాత్రలు!"

"పొద్దున తిన్యా. రేపూ తింటా. పథ్యం ఇడిసేది షావుకారు కోసం. నా కోసం కాదు."

"ఓరి నీ పాసుగూల! ముందే చెప్పద్దా?"

"నీకు చెప్తే తాడిమర్రి దాకా ఇనపడదూ?"

"సరే, మరి ఆకులో ఊరగాయ? దాన్నేం చేస్తావు?"

"పెట్టించుకుంటా. కలుపుకోను. నా పప్పు ఏరే గిన్నెలో చప్పిడిగా చేస్తాంది జయలక్ష్మి."

"షావుకారు గుడ్డోడా? నీ తెలివి తెల్లారినట్లే ఉండాది."

మధ్యాహ్నం. ఉలిగప్ప, షావుకారు లింగప్ప ఆకుల ముందు కూర్చున్నారు. ఆడవాళ్లు వడ్డిస్తున్నారు.

"మంచి పని చేసినావు ఉలిగప్పా. ఆ మాత్రలు తినేది మగ్గం మింద కూర్చునేటోని పనా? అదంతా పట్నమోళ్ల రోగం. కూర్చోని కూర్చోని వాళ్లకు రక్తం పొంగుతాది."

"నేనూ కూర్చునేదే గదా షావుకారయ్యా."

"నీది ఏరే. సరే, తినప్పా. పథ్యం ఇడిసేది ఊరగాయతో గదా? పప్పులో కలుపుకో. చూస్తాండా."

"తింటా, తింటా."

"ఏం తింటావు, ఏలితో పక్కకు తోస్తాండావు. ఇంగా భయముండాదా? భయముంటే చెప్పు, పడుగు సంగతి నేను చూసుకుంటా."

"భయమేముంది షావుకారయ్యా..."

"అయ్యా, మావోడిని అనొద్దు. పెద్దోళ్లు ముద్ద ఎత్తంది ముట్టడు. అట్ల పెంచినాము. మీరు కలుపుకోండి ముందు."

"నాకొద్దులే చౌడమ్మా."

"ఒక్క ముక్క. రొళ్ల ఊరి మామిడికాయ. నేనే కలిపి తెచ్చినా."

"వద్దంటి గదా. పొద్దున ఎక్కువ తిన్యా."

"ఎక్కువ తిన్యోళ్లు మూడో ఓళిగ యాల అడిగినారు?"

"పండ్లు నొప్పి."

"ముక్క మెత్తగా ఉండాది, జున్ను మాదిరి. పండ్లతో పనే లేదు. ఏమయ్యా, నా చేతి ఊరగాయ అంత చెడ్డదా? మావోడేమో ఊరగాయ తినకుంటే రోగిష్టోడు. మీరు తినకుంటే?"

"చెయ్యి అడ్డం పెట్టినా గదమ్మా! వద్దంటే ఇనపడదా?"

"అయ్యో, కోపమెందుకు? జయలక్ష్మీ, షావుకారయ్యకు ఆ పెద్ద గిన్నెలో పప్పన్నా ఇంగొంచెం ఎయ్యి."

"ఆ గిన్నెలోది వద్దు జయలక్ష్మమ్మా."

"ఇంకేం ఎయ్యమంటారు షావుకారయ్యా? ఉండేది అదే."

"ఉలిగప్పకు ఏసినావే, ఆ చిన్న గిన్నె. అందులోది."

"అది... అది అడుగంటింది షావుకారయ్యా."

"అడుగంటలేదు. అందులో ఉప్పు లేదు. చప్పిడి తినేటోని మొగం చప్పిడి తిన్యోనికి తెలీదా? ఆ వాకిలి రవ్వంత దగ్గరికెయ్యి చౌడమ్మా. ఉలిగప్పా, షావుకారుకే రోగమంటే పట్టు ఇచ్చే బెంగుళూరోళ్లు అరువు ఆపుతారని ఆ హిందూపురం రైలెక్కేది మానుకున్యా. మాత్రలు అయిపొయ్యి నెల దాటింది, రెండు దినాలుగా ఎడమచెయ్యి తిమిరెక్కతాంది. నువ్వు మళ్లా హిందూపురం పొయ్యేటప్పుడు, నన్నూ గుర్తు పెట్టుకోప్పా."