ఏడు అంకె తోక

పాత ఖరీదైన చేతి గడియారాలు సేకరించే అతను, ప్రదర్శనలో పెట్టబోయే ఒక గడియారం తీసుకుని, అది తయారైన ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఆమె ఇంటికి వచ్చాడు.

“దీని మీద అంకెలన్నీ కంపెనీ పెట్టినాయనే స్వయంగా రాశాడటమ్మా. వాళ్ల చరిత్ర పుస్తకంలో ఉంది, ప్రకటనల్లోనూ అదే.”

ఆమె భూతద్దం కంటికి ఆనించుకుని చిన్నగా నవ్వింది.

“ఆయన మేం అంకెలు రాసే గదికి ఏడాదికోసారి వచ్చేవాడు బాబూ. కుంచె పట్టుకుని ఫొటో దిగి వెళ్లిపోయేవాడు. ఈ ఏడు అంకె తోక చూడు, కాస్త వంకర. అది నా చేతిరాత.”

“అవునా! మరి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేం?”

“అడిగినవాళ్లుంటేగా!”

అతను గడియారం పక్కన పెట్టడానికి అచ్చు వేయించిన అట్టముక్క తీసి, దాని మీదున్న పెద్దాయన పేరు కొట్టేశాడు.

“అయ్యో, కంపెనీవాళ్లు ఊరుకుంటారా?”

“గడియారం నాది. ఉన్నమాట రాసుకుంటే వాళ్లకేం? మీ పూర్తి పేరు చెప్పండమ్మా.”

ఆమె భూతద్దం పక్కన పెట్టింది.

“ముందు మా అక్క పేరు రాయి. తనూ ఆ గదిలోనే పనిచేసేది. నేను కొత్తలో పాడుచేసిన అంకెలన్నీ మేస్త్రీ కంట పడకుండా చెరిపి, మళ్లీ తనే రాసిపెట్టేది. ఇంకా చోటు మిగిలితే, దాని పక్కన నాది రాయి.”